తప్పు నా పన్నుదనుకున్నాను!

"అత్తయ్యా, ఏమీ అనుకోకు. మా అత్తగారు ఒక్క మాట అడగమన్నారు. నీకు 'శ' పలకడం వచ్చా?"

సంక్రాంతి వెళ్ళిన వారం, డల్లాస్ నుంచి ఫోను. అడిగింది మా తోటికోడలి అన్నగారి అమ్మాయి. వాళ్ళ బాబు నా దగ్గర తెలుగు నేర్చుకుంటున్నాడు. ఆ సాయంత్రం వాడు నాయనమ్మ ఎదుట కూచుని పాఠం అప్పజెబుతూ "సంకరుడు" అన్నాడట. ఆవిడ నిష్ఠగా పూజలు చేసుకునే మనిషి. "ఇదేం ఖర్మరా, దేవుణ్ణి పట్టుకుని సంకరం అంటావేమిటి?" అని కేకలేస్తే, "టీచర్ అలాగే చెప్పారు" అన్నాడట ఆ వెధవాయి.

చెప్పొద్దూ, నాకు తల తీసేసినట్లయింది.

నేను చదివింది ఇంటర్మీడియెట్ వరకే. ఆ పైన పెళ్ళి, ఈ మైలవరం కాపురం, అత్తమామలు, ఇద్దరు పిల్లలు... మీకు తెలియనివి కావు. కానీ తెలుగు విషయంలో మాత్రం నాకు కాస్త గర్వం ఉంది సుమండీ. హైస్కూల్లో మా తెలుగు మాస్టారు శ, ష, స తేడా లేకుండా పలికితే బెంచీ ఎక్కించేవారు. నేనొక్కదాన్నే ఏనాడూ బెంచీ ఎక్కలేదు. ఆ గర్వంతోనే పోయినేడు ఈ పాఠాలకు ఒప్పుకున్నాను. అమెరికాలో తెలుగు నేర్పే బడులు లేకపోలేదు. కానీ వారానికోసారి పిల్లల్ని కార్లో తిప్పడం కుదరని వాళ్ళుంటారు కదా. ముందు ఇద్దరు, తర్వాత ఐదుగురయ్యారు. మనకు శనివారం తెల్లవారి ఆరున్నర అయితే వాళ్ళకు శుక్రవారం రాత్రి ఏడు. మార్చిలో వాళ్ళు గడియారాలు ముందుకు తిప్పుకుంటే ఎనిమిది అవుతుంది.

నెలకు వచ్చేది చిన్న మొత్తమే. కానీ అది నా చేతిలో పడిన నా మొదటి సంపాదన. మా అబ్బాయి ఇంజనీరింగు ఫీజుకని తాకట్టు పెట్టిన నా నాలుగు పేటల గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది. దాని వడ్డీ ఈ పిల్లల అ ఆ లతోనే కడుతున్నాను. మా వారికి ఆ సంగతి తెలుసు, తెలియనట్లు ఊరుకుంటారు.

ఇక పాఠాలు చెప్పే లాప్‌టాప్ కథ. అది మా అబ్బాయి చదువుకునే రోజుల నాటిది. విండోస్ 10 కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14 తో ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే ఈ పాతది సరిపోదట. 2025 దీపావళికి హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు వాడు దాంట్లో లైనక్స్ వేసి వెళ్ళాడు. "అమ్మా, ఇది ఉచితం. పాత మెషీన్‌కి మళ్ళీ ప్రాణం వస్తుంది. భయపడకు" అన్నాడు. ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు 1991 లో కాలేజీలో చదువుకుంటూనే మొదలుపెట్టాడట. తర్వాత ప్రపంచంలో తలో చెయ్యీ వేసి పెంచారట. మన ఊళ్ళో పెళ్ళికి అప్పడాలు వత్తినట్లు అన్నమాట! మన తెలుగువాళ్ళలో 'స్వేచ్ఛ' సంస్థ వాళ్ళు దీన్ని తెలుగులోకి తేవడానికి పనిచేశారని కూడా వాడే చెప్పాడు. నిజంగానే అది బాగుంది. ఇదివరకు లాప్‌టాప్ ఆన్ చేసి కాఫీ పెట్టుకుని వచ్చినా తెరుచుకునేది కాదు, ఇప్పుడు డికాక్షన్ దిగేలోపే సిద్ధం.

మరి తీగ లేని హెడ్‌సెట్ ఎందుకు కొన్నావంటారా? మొదట్లో తీగది పెట్టుకునే చెప్పేదాన్ని. పాఠం మధ్యలో పాలు పొంగుతాయి. మామగారు మంచినీళ్ళు అడుగుతారు. ఒకరోజు కుక్కరు కోసం లేచాను, చెవిలో తీగ ఉందన్న సంగతే మరిచాను. లాప్‌టాప్ కాస్తా బల్ల మీంచి నా వెంటే వచ్చింది! దేవుడి దయవల్ల దుప్పట్ల మీద పడింది. ఆ మర్నాడే 1,500 రూపాయలు పెట్టి బ్లూటూత్ హెడ్‌సెట్ తెప్పించాను.

వచ్చింది కానీ లాప్‌టాప్‌తో కలిస్తేగా! ఎన్నిసార్లు నొక్కినా కనెక్టవదు. ఒక పూటంతా దానితో కుస్తీ పట్టి చివరికి కనిపెట్టిందేమిటంటే, మొదటి రోజు సరదాకి పాటలు వినడానికి నా ఫోనుకు కలిపాను. అది ఆన్ చేయగానే పక్కగదిలో ఉన్న ఫోనుకే వెళ్ళి అతుక్కుంటోంది. మీలో ఎవరికైనా ఇలా జరిగితే ముందు ఫోన్లో బ్లూటూత్ ఆపండి. తర్వాత లాప్‌టాప్ బ్లూటూత్ జాబితాలో హెడ్‌సెట్ పేరు ఉంటే తీసెయ్యండి. హెడ్‌సెట్ బొత్తాన్ని దీపం మిణుకుమిణుకుమనే దాకా నొక్కి పట్టి, కొత్తగా కలపండి. పాత చుట్టరికం తెంచి కొత్తది కలుపుకోవడమే. అన్నట్లు ఈ బ్లూటూత్ అన్న పేరు పదో శతాబ్దపు డెన్మార్క్ రాజుగారిది. హెరాల్డ్ బ్లూటూత్. తగాదాలు పడే వాళ్ళను ఒక్కటి చేశాడని, రకరకాల యంత్రాలను కలిపే దీనికి ఆయన పేరు పెట్టారట. నీలం పన్ను రాజు! పన్ను మాట మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

కలిసిన తర్వాత ఇంకో తమాషా. హెడ్‌సెట్ నా చెవులకుంది, శబ్దం మాత్రం లాప్‌టాప్ స్పీకర్లోంచి వస్తోంది. అది తేలిక. సెట్టింగ్స్‌లో సౌండ్ దగ్గరకు వెళ్ళి, శబ్దం ఎక్కడికి పంపాలో చెప్పే అవుట్‌పుట్ చోట హెడ్‌సెట్ పేరు ఎంచుకుంటే సరిపోయింది. తర్వాత మైకు పనిచెయ్యలేదు. పిల్లలు "టీచర్, మీరు మ్యూట్‌లో ఉన్నారు" అంటారు, నేను లేను! అక్కడే, అవుట్‌పుట్ కిందే, కాన్ఫిగరేషన్ అని ఒకటి కనిపించింది. నొక్కితే నాలుగైదు వరసలొచ్చాయి. అర్థం కాలేదు, అయినా ఒక్కొక్కటే నొక్కుతూ పోయాను. ఒకదాని దగ్గర మైకు పలికింది. హమ్మయ్య అనుకుని అక్కడే వదిలేశాను. పిల్లల గొంతులు కాస్త బావిలోంచి వస్తున్నట్లున్నాయి. ఎక్కడో అమెరికా కదా, దూరం కదా అనుకున్నాను! నవ్వకండి. అమెరికా అంత దూరంలో ఉన్నా, నిన్నటిదాకా తీగ హెడ్‌ఫోన్స్‌లో పక్కింట్లో మాట్లాడినట్లే వినిపించేదన్న సంగతి నాకు తట్టలేదు.

అలా మూడు వారాలు పాఠాలు చెప్పాను. నాలుగో వారమే ఆ ఫోను.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. డిసెంబరులో నాకు పైవరస పన్నొకటి పీకేశారు. ముందుది కాదు గానీ, నవ్వితే సందు కనిపిస్తుంది. బ్రిడ్జి కట్టించుకోమన్నారు. ఆ ఖర్చు విని, గొలుసు వడ్డీ గుర్తొచ్చి, వాయిదా వేశాను. డల్లాస్ ఫోను పెట్టేయగానే నా నాలుక ఆ సందులోకే వెళ్ళింది. ఇదీ సంగతి, గాలంతా ఇక్కడినుంచే పోతోంది, శ కాస్తా స అయిపోతోంది అనుకున్నాను. అద్దం ముందు నిలబడి "శంకరుడు, శారద, శనగలు" అనుకుంటూ ఎంతసేపు పలికానో! పలికిన కొద్దీ అనుమానం పెరిగింది. ఏ మాటనైనా యాభైసార్లు వరసగా అని చూడండి, అది తెలుగు మాటేనా అన్న అనుమానం మీకూ వస్తుంది.

మా వారినడిగాను, "ఏమండీ, నా శ సరిగ్గా ఉందా?" అని. పేపర్లోంచి తలెత్తకుండా, "మన బజార్లో సెనగపిండి అంటే ఇవ్వనన్నాడా ఎవడైనా? ఎందుకొచ్చిన గొడవ, మానెయ్" అన్నారు. ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. మన వైపు నోట్లో శ ఎంతమందికి నిలబడుతుంది చెప్పండి? కానీ నేర్పడానికి డబ్బు తీసుకుంటున్నదాన్ని, నేనూ అలా అంటే ఎలా? ఆ రాత్రి పిల్లల తల్లులందరికీ "ఆరోగ్యం బాగాలేదు, ఒక నెల పాఠాలు ఆపుతున్నాను" అని మెసేజి రాసి కూడా పెట్టుకున్నాను. పంపడానికి మాత్రం చెయ్యి రాలేదు.

మా ఊళ్ళో లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది కదా, దాంతో మా వీధిలో ప్రతి మేడ మీదా అద్దెకుండే కుర్రాళ్ళే. మా మీద గదిలో ఇద్దరున్నారు. వాళ్ళలో ఒకబ్బాయి శుక్రవారం సాయంత్రం పెరుగు కోసం దిగాడు. లాప్‌టాప్ ముందు దిగులుగా కూచున్న నన్ను చూసి "ఏమైంది ఆంటీ?" అన్నాడు. పన్ను సంగతి చెప్పడానికి సిగ్గేసింది గానీ చెప్పేశాను. వాడు నవ్వలేదు. "ఆంటీ, నాకెదురుగా ఒకసారి శంకరుడు అనండి" అన్నాడు. అన్నాను. "బాగానే ఉందిగా! ఇప్పుడు దీంట్లో అనండి" అని లాప్‌టాప్‌లో రికార్డింగ్ పెట్టాడు. ముందు హెడ్‌సెట్ మైకుతో శ, ష, స, శంకరుడు, సంకరం అని వరసగా పలికించాడు. తర్వాత హెడ్‌సెట్ తీసేసి, లాప్‌టాప్ సొంత మైకుతో అవే మాటలు మళ్ళీ పలికించాడు. రెండూ పక్కపక్కనే వినిపించాడు.

రెండోదాంట్లో శ శలాగే ఉంది, స సలాగే ఉంది. మొదటిదాంట్లో మూడూ ఒకటే బురబుర. నా గొంతే, నా పన్నే, అవే మాటలు!

ఏడుపొచ్చినంత పనయింది. ఆ కుర్రాడు కంగారుపడి "తప్పు మీది కాదాంటీ" అన్నాడు. "అదే కదా నాయనా" అన్నాను.

వాడు చెప్పింది నాకర్థమైనట్లు మీకు చెబుతాను. తీగ లేని హెడ్‌సెట్‌కు రెండు పద్ధతులుంటాయి. ఒకటి పాటలు వినే పద్ధతి. జాబితాలో 'హై ఫిడిలిటీ ప్లేబ్యాక్, ఏ2డీపీ' అని ఉంటుంది. ఇందులో దారంతా లాప్‌టాప్ నుంచి చెవికి వచ్చే శబ్దానికే. అందుకే నిండుగా, రెండు చెవుల్లోకీ వేరువేరుగా వస్తుంది. కానీ మైకుండదు. రెండోది మాట్లాడే పద్ధతి, 'హెడ్‌సెట్ హెడ్ యూనిట్' అని ఉంటుంది. ఇందులో శబ్దం పోవాలి, రావాలి. ఇరుకు వంతెన మీద ఎదురెదురుగా రెండు బళ్ళు వెళ్ళాలంటే సరుకు తగ్గించుకోవాలి కదా, అలాగే ఇక్కడ శబ్దాన్ని కుదిస్తారు. మళ్ళీ దీంట్లోనూ రెండు రకాలు. సీవీఎస్‌డీ అన్నది పాతది, శబ్దాన్ని సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. ఎమ్‌ఎస్‌బీసీ అన్నది 16,000 సార్లు. కొలిచిన దాంట్లో సగం వరకే సన్నటి శబ్దాలు నిలుస్తాయట. అంటే పాతదాంట్లో 4,000 దాటిన సన్నదనమంతా తెగిపోతుంది. నేను తెలియక నొక్కి వదిలేసింది ఆ పాతదాన్నే!

'స' అన్నప్పుడు పళ్ళ సందుల్లోంచి వచ్చే సన్నటి ఈల ఉంటుంది చూడండి, అందులో ఎక్కువ భాగం ఆ 4,000 కి పైనే ఉంటుందట. అది తెగిపోతే శకీ సకీ మధ్య గోడ పలచబడిపోతుంది. పాత తీగ టెలిఫోన్లు ఇంతకన్నా ఇరుకు, 3,400 వరకే. ఇంటిపేరు చెప్పాలంటే "సీత స, శారద శ" అని అరిచేవాళ్ళం, గుర్తుందా? ఎక్స్ఛేంజీవాళ్ళకు చెవుడనుకునేవాళ్ళం పాపం!

అయితే మరి మూడు వారాలు పిల్లల తల్లులు ఎందుకు పట్టుకోలేదు? నేను మాత్రం వాళ్ళ పిల్లలు స అంటున్నారో శ అంటున్నారో ఎందుకు పోల్చుకోలేదు? అదీ అడిగాను. మనకు మాట ముందే తెలుసు. 'శంకరుడు' అని సగం వినబడగానే మిగతా సగం మనసే నింపుకుంటుంది. ఆ పిల్లలకు అది కొత్త మాట. చెవిన పడిందే వాళ్ళకు తెలుగు. ఈ ముక్క విన్నాక నా గుండె ఇంకోసారి జారింది. మూడు వారాలు నేను వాళ్ళ చెవిలో ఏం పోశానో కదా!

ఇక బాగుచేసిన వైనం. ముందు ఎమ్‌ఎస్‌బీసీ వరస ఎంచుకున్నాం. చాలా నయమైంది. కానీ మధ్యమధ్య టపటపమని తెగుతోంది. మా ఇంటి వైఫై, బ్లూటూత్ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే దారిలో నడుస్తాయట. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మారిస్తే కొంత తగ్గింది. మీ ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే అదీ ఆ దారిలోదే. అది తిరుగుతున్నప్పుడు హెడ్‌సెట్ గరగరమంటే హెడ్‌సెట్‌ను తిట్టకండి.

చివరికి కుదిరిన ఉపాయం అన్నిటికన్నా తేలిక. చెవులకు హెడ్‌సెట్, నోటికి లాప్‌టాప్ మైకు! కాన్ఫిగరేషన్‌లో పాటల పద్ధతి పెట్టాలి. దానికిందే ఇన్‌పుట్ అన్న చోట హెడ్‌సెట్ మైకు కాకుండా లాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోవాలి. జూమ్‌లో కూడా మైకు గుర్తు పక్కనున్న బాణం నొక్కి అదే మైకు పెట్టాలి. ఈ ఆఖరుది మరిచిపోతే జూమ్ హెడ్‌సెట్ మైకును అడుగుతుంది, అంతా మళ్ళీ మాట్లాడే పద్ధతిలోకి దొర్లిపోతుంది. నాకు రెండుసార్లు అలాగే అయింది. గొంతులు బావిలోకి దిగగానే ఇప్పుడు నాకు తెలిసిపోతుంది. ఇది లైనక్స్ ఒక్కదాని గొడవ కూడా కాదట, ఏ కంప్యూటరుకైనా ఈ రెండు పద్ధతులూ ఉంటాయి. ఏ వరసలో ఉన్నామో లైనక్స్ దాచకుండా చూపించింది, అంతే.

ఇందులో ఒక్కటే ఇబ్బంది. లాప్‌టాప్ మైకు నోటికి దూరంగా ఉంటుంది కాబట్టి ఇంట్లో రొదంతా పట్టేస్తుంది. గుడి మైకు, కుక్కరు కూత, పాలవాడి బెల్లు... "టీచర్, హూ ఈజ్ సింగింగ్?" అంటారు పిల్లలు. హాల్లో గోడలకు తగిలి మాట మోగుతోంది కూడా. అన్ని గదుల్లోనూ కూచుని రికార్డు చేసి చూశాను. దేనిలో బాగుందంటారు? మా సామాన్ల గదిలో! మూడు బియ్యం బస్తాలు, పెట్టె మీద మడతపెట్టిన బొంతలు, ఒక మూల ఆవకాయ జాడీలు. బస్తాలూ బొంతలూ మోతను పీల్చేస్తున్నాయి. ఇప్పుడు బస్తా మీద పీట, పీట మీద లాప్‌టాప్. నా వెనక గోడకు మా అత్తగారి పాత పట్టుచీర తెరలా కట్టాను, పిల్లలకు జాడీలు కనబడకుండా. పొయ్యి దగ్గరకు వెళ్ళాలంటే మాత్రం "ఒక్క నిమిషం, ఈ మాట నోటుబుక్కులో ఐదుసార్లు రాయండి" అంటాను. అక్కడినుంచి వాళ్ళకు నేను వినబడను గానీ, వాళ్ళ గుసగుసలు మాత్రం హెడ్‌సెట్‌లో నాకు వినబడుతూనే ఉంటాయి. ఎవడు రాయడం లేదో తిరిగి రాగానే చెప్పేస్తాను. వాళ్ళకిదో పెద్ద మాయ.

ఆ శనివారం తెల్లవారుజామున పాఠం మొదలుపెట్టగానే, మూడు వారాలు నేర్చుకున్నది మళ్ళీ మొదటినుంచి నేర్చుకుందాం, తప్పు నా మైకుది అని పిల్లలకు చెప్పాను. ముందు స. పాము బుస చూపించాను. తర్వాత శ. పక్కన పాపాయి నిద్రపోతుంటే "ష్..." అనేదానికి దగ్గరగా, కానీ నాలుక ఇంకాస్త ముందుకు అన్నాను. డల్లాస్ బాబు మూడుసార్లు సంకరుడన్నాడు. ప్రతిసారీ అది స అని నాకు స్పష్టంగా వినబడింది, అదే నాకు సంతోషం! నాలుగోసారి "శంకరుడు" అన్నాడు. వెనకనుంచి ఎవరో "శభాష్" అన్నారు. నాయనమ్మగారు, పాఠమంతా అక్కడే కూచుని విన్నారన్నమాట.

ఆవిడ తెర ముందుకొచ్చారు. నేను పమిట సర్దుకుని, ఆ పన్ను సందు కనబడకుండా పెదాలు బిగించి నమస్కారం పెట్టాను. ఆవిడ నన్ను కాసేపు చూసి, "అమ్మాయ్, మనవడి సంగతి సరే గానీ, మా కోడలు 'ళ' పలకదు. కల్లాపి, పెల్లి అంటుంది. దానికి కూడా చెబుతావా? ఫీజు వేరే ఇస్తాను" అన్నారు.

కోడలు, అంటే ఆ రోజు నాకు ఫోను చేసిన పిల్ల, పక్కనే నిలబడి ఉంది. మా ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఈసారి నేను పెదాలు బిగించలేదు.